మధ్యగోడకు అటూ ఇటూ దుగ్గిరాలవారే

మా ఇంట్లో ఉమ్మడి కుటుంబం రాత్రి ఏడున్నరకు మొదలై ఎనిమిదికి అయిపోయేది. ప్రకటనలు తీసేస్తే ఇంకా తక్కువే. ఆ కాసేపట్లోనే నాకొక తాతయ్య, నాయనమ్మ, వాళ్ళ కొడుకులు, కోడళ్ళు, మనవళ్ళు, మనవళ్ళ పెళ్ళాలు, పుట్టింట్లోనే మకాం పెట్టిన ఒక ఆడపడుచు, వీళ్ళంతా వరసగా నిలబడి పోట్లాడుకోవడానికి వీలుగా మెట్లున్న ఒక పెద్ద హాలు. ఎనిమిదికి టీవీ కట్టేస్తే మిగిలేది నేనూ మా ఆవిడా. మా అమ్మ కూడా ఉండేది గానీ, ఆమె వంతు మా వైపు పడిన నెలలో మాత్రమే.

వంతు ఏందంటారా? అది తెలియాలంటే ముందు గోడ సంగతి తెలియాలి.

మాది తోటపల్లి గూడూరు. కాగితాల్లోనే అంత పొడుగు పేరు, నోట్లో టి.పి. గూడూరే. నెల్లూరు నుంచి తూర్పుగా వస్తుంటే ముందు వరిమళ్ళు, తర్వాత రొయ్యల గుంటలు, ఆపైన కోడూరు సముద్రం. తొంభైల మొదట్లో టైగర్ రొయ్య రేటు చూసి ఈ తీరంలో చేతిలో ఎకరం ఉన్నవాడల్లా గుంట తవ్వాడు. మేమూ వడ్లు పండే నేలను తవ్వి ఉప్పునీళ్ళు పెట్టాం. 1994లో తెల్లమచ్చ రోగం వచ్చింది. రొయ్య పెంకు మీద తెల్లటి చుక్కలు కనపడిన నాలుగైదు రోజులకే గుంటకు గుంట చచ్చి గట్టుకు కొట్టుకొచ్చేది. సీడు బాకీ, మేత బాకీ, మా నాయన మొహమాటపడి ఇంకొకరికి పెట్టిన షూరిటీ, మూడూ కలిసి ఒకే ఏడాది గడప తొక్కాయి. గుంట ఎవరి మాట విని తవ్వామనే దాని మీద నేనూ మా తమ్ముడూ మొదలుపెట్టిన వాదన, నాయన పోయినాక పంపకాలదాకా వచ్చింది. ఆయన కట్టించిన మిద్దె నడిమధ్యన గోడ లేచింది.

ఖర్చు కలిసొస్తుందని దాన్ని నాలుగున్నర అంగుళాల గోడగా కట్టించాం. తొమ్మిదంగుళాలది కట్టించి ఉంటే నాకీ వ్యాసం రాసే పని ఉండేది కాదు. దేవుడి గది మా వైపుకు వచ్చింది, బోరు వాళ్ళ వైపుకు పోయింది. కొన్నాళ్ళు నీళ్ళకు మేమూ దీపానికి వాళ్ళూ బింకంగా అటూ ఇటూ తిరిగాం. తర్వాత వాళ్ళు గూట్లో దేవుణ్ణి పెట్టుకున్నారు, మేం బోరు వేయించుకున్నాం. అన్నీ తెగిపోయాయి. టీవీ శబ్దం ఒక్కటే తెగలేదు.

స్టార్ మాలో ‘బ్రహ్మముడి’ 2023 జనవరిలో మొదలైంది. ‘కార్తీక దీపం’ ఆరిపోయిన మరుసటి రోజే అదే వేళకు దీన్ని ముట్టించారు. కనకం అనే తల్లి తన కూతుళ్ళను పెద్దింటికి కోడళ్ళుగా పంపాలని పట్టుపట్టడం, బొమ్మలకు రంగులేసే కావ్య నగల వ్యాపారం చేసే దుగ్గిరాలవారింటి కోడలై కష్టాలు పడడం కథ. నిజానికి ఆ దుగ్గిరాలవారు బెంగాలీలు. అక్కడి ‘గాట్‌ఛడా’ అనే సీరియలే ఇక్కడికొచ్చి పట్టుచీర కట్టుకుంది. మా ఆవిడకు ఈ మాట చెప్తే, “అందుకేనా అంత నిదానంగా కొట్లాడుకుంటారు” అంది. ఆ మాటకొస్తే కావ్యగా వేసిన దీపిక తమిళమ్మాయి, ‘కార్తీక దీపం’లో వంటలక్కగా వేసిన ప్రేమి విశ్వనాథ్ మలయాళం మనిషి. తెలుగింటి కోడలి కష్టాలు పడడానికి తెలుగు పిల్లలెవరూ ముందుకు రావడం లేదేమో!

సరే, శబ్దం సంగతి. మా తమ్ముడి వాళ్ళది డిష్షు, మాది కేబులు. చానలు ఒకటే, సీరియలు ఒకటే. కానీ వాళ్ళ టీవీలో ఏదైనా మా కన్నా రెండు మూడు సెకన్లు ముందు జరుగుతుంది. మా టీవీలో అత్తగారు ఇంకా చెయ్యి ఎత్తుతూ ఉంటుంది, గోడవతల చెంపదెబ్బ పడిపోతుంది. మా కావ్య తలుపు చాటున నిలబడి ఏదో వినబోతుంటుంది, ఆమె వినకముందే మా మరదలు “ఒమ్మో, దీని మొహం మండిపోనూ!” అనేస్తుంది. ముగ్గురి మొహాల మీదికి కెమెరా మూడేసి సార్లు దూకేటప్పుడు వచ్చే ఆ ధన్, ధన్, ధన్ కూడా మాకు ముందు గోడలోంచీ తర్వాత టీవీలోంచీ వినపడుతుంది. ఏం జరిగిందో తెలియకుండా ఏదో జరిగిపోయిందని మాత్రం తెలిసి రెండు సెకన్లు కూర్చోవడం ఎంత నరకమో పడినవాళ్ళకే తెలుస్తుంది.

పొలంలో సెంటు తక్కువ వచ్చినా నోరెత్తని మా ఆవిడ ఈ రెండు సెకన్ల దగ్గర తిరగబడింది.

“ఏమయ్యా, పొయ్యి మీ తమ్ముడితో చెప్పు, సౌండు తగ్గించుకోమని.”

“నువ్వే చెప్పు మీ తోడికోడలికి.”

“నేను ఆమెతో మాట్టాడను గదా.”

“నేనూ వాడితో మాట్టాడను గదా.”

మాట్లాడకుండా పరిష్కారం ఆమే కనిపెట్టింది. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి హాట్‌స్టార్‌లో చూసేది. అందులో చందా కట్టినవాళ్ళకు ఆ రోజు భాగం టీవీలో కన్నా ముందు, పొద్దున్నే వచ్చేసేది. అమ్మాయి ఆఫీసుకు పోతూ పోతూ క్యాబులోంచి ఫోను చేసి కథంతా అప్పజెప్పేది. సాయంత్రం మా ఆవిడ కుర్చీని గోడకు దగ్గరగా లాక్కొని, గోడవతలికి వినపడేటట్టు నిట్టూర్చేది. “ఇప్పుడు చూడు, ఆ ముసిలాయన పడిపోతాడు” అనేది. వాళ్ళ టీవీలో పడకముందే మా ఇంట్లో పడిపోయేవాడు. వారం తిరక్కుండా గోడవతల శబ్దం తగ్గింది.

ముందు సంగతి ముందే తెలుసుకునే పిచ్చి ఆమెకు కొత్త కాదు. 2019లో ‘వదినమ్మ’ వచ్చినప్పుడే మొదలైంది. మరుదులను పెంచడం కోసం తమకు పిల్లలే వద్దనుకునే అన్నావదినల కథ అది. దానికి మూలం తమిళంలో అంతకు ముందు ఏడాది మొదలైన ‘పాండియన్ స్టోర్స్’. రెండింట్లోనూ వదిన ఒక్కతే, సుజిత. అక్కడ ధనం, ఇక్కడ సీత. ఒకే మనిషి ఒకే కాలంలో రెండు రాష్ట్రాల్లో రెండు ఉమ్మడి కుటుంబాలను విడిపోకుండా పట్టుకొని నిలబడింది. నేను ఒక్కదాన్ని నిలబెట్టలేకపోయాను. అరవం మాకు రవ్వంత వచ్చు, నెల్లూరోళ్ళం గదా. మా ఆవిడ మధ్యాహ్నం అన్నాలయినాక తమిళం చానలు పెట్టుకొని, అక్కడి ధనానికి ఏం జరిగితే రేపు మన సీతకు అది జరగబోతుందని జాతకం చెప్పేది. ఆ ఇల్లే మలయాళంలో ‘సాంత్వనం’ అయింది, హిందీలో ‘పాండ్యా స్టోర్’ అయింది, మరాఠీలోకీ పోయింది. అన్నదమ్ములు కలిసి ఉండడం చూడాలని దేశమంతా ఇంత మొహం వాచి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మొహం వాయక ఏం చేస్తుంది! 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా దాదాపు 8.46 కోట్లు, కుటుంబాలు 2.1 కోట్లు. అంటే సగటున ఇంటికి నలుగురు. రాష్ట్రం ఉమ్మడిదే గానీ ఇళ్ళు అప్పటికే విడిపోయాయన్నమాట. 2014లో దానికీ గోడ కట్టారు.

ఇంకా విచిత్రం ఏమిటంటే, మన దేశంలో ఈ కుటుంబ సీరియళ్ళకు మూలపురుషుడు పుట్టిందే కుటుంబ నియంత్రణ కోసం. 1984 జులైలో దూరదర్శన్ మొదలుపెట్టిన ‘హమ్ లోగ్’ వెనక మెక్సికోవాళ్ళ పాఠం ఉంది. అక్కడ మిగెల్ సబీడో అనే ఆయన ధారావాహికల్లో చదువూ కుటుంబ నియంత్రణా కలిపి జనానికి తాగించాడు. మనవాళ్ళూ అదే కషాయం కాద్దామనుకున్నారు. మనోహర్ శ్యామ్ జోషీ రాశారు, ప్రతి భాగం చివరా అశోక్ కుమార్ వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పేవారు. చూసే జనానికి చిన్న కుటుంబం నీతి చేదుగా తగిలింది, తాతా అవ్వా కొడుకూ కోడలూ మనవలూ ఒకే కొంపలో ఇరుక్కుని పడే పాట్లు మాత్రం బెల్లమయ్యాయి. నీతిని తగ్గించి ఇంటిని పెంచారు. సీరియల్‌కు నాలుగు లక్షల ఉత్తరాలు వచ్చాయంటారు. చిన్న కుటుంబం చింతలు లేని కుటుంబమే కావచ్చు, చింతలు లేకపోతే ఉత్తరం ఎవరు రాస్తారు?

తెలుగులో మంజులా నాయుడు ‘ఋతురాగాలు’, ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ వరసబెట్టి తీసినప్పుడు నేను అప్పుల మధ్యన ఉన్నాను కాబట్టి చాటుగా చూశాను. అప్పులవాడు వస్తే తలుపు తీసే లోపల టీవీ కట్టేయాలి; సీరియల్ చూసేంత తీరిక ఉన్నవాడికి బాకీ తీర్చే స్తోమత కూడా ఉంటుందని వాడి నమ్మకం. ‘మొగలిరేకులు’లో ఆర్కే నాయుడు పోయి మళ్ళీ అదే మొహంతో కొడుకుగా వచ్చినప్పుడు నేను పడిన సంతోషం సొంత చుట్టాల్లో ఎవరు తిరిగొచ్చినా పడేవాణ్ణి కాదు. ‘కార్తీక దీపం’లోనైతే వంటలక్కనూ ఆమె మొగుడు డాక్టర్ బాబునూ ప్రమాదంలో చంపేసి కథను పిల్లల మీదికి దూకించారు. జనం ఒప్పుకోలేదు. ఇద్దర్నీ బతికించి తీసుకురావాల్సి వచ్చింది. అదీ చూసేవాడి బలమంటే. మా నాయన విషయంలో నన్నెవరూ అడగలేదు.

ఇన్ని చూసినవాణ్ణి గనుక ఒకటి గట్టిగా చెప్పగలను. ఆ ఇళ్ళు విడిపోకపోవడానికి కారణం ప్రేమానురాగాలు కాదు, అద్దె. మొత్తం కథ ఒకే ఇంట్లో, ముఖ్యంగా ఒకే హాల్లో నడుస్తుంది. అన్నదమ్ములు వేరుపడితే నిర్మాతకు ఇంకో ఇల్లు కావాలి, ఇంకో వంటగది కావాలి, లైట్లు అక్కడికి మోయాలి. అందుకే ఎంత కుట్ర జరిగినా కుట్ర చేసినవాళ్ళు కూడా అదే బల్ల దగ్గర కూర్చుని టిఫిను తినాలి. ఆ ఇంట్లో దోమలుండవు. కరెంటు బిల్లు ఎవరూ చూడరు. పట్టుచీరతో పడుకుని పట్టుచీరతో లేస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఇంట్లో ఒక్కరూ సీరియల్ చూడరు. చూసి ఉంటే పాల గ్లాసులో ఏం కలిపారో మొదటి వారంలోనే పట్టుకునేవాళ్ళు.

ఇంత తెలివి ఉండీ నేను చేసే పని ఏమిటంటే, ఏడవడం. దుగ్గిరాలవారి కోడలు ధాన్యలక్ష్మి ఆస్తి పంచమని హాల్లో నిలబడి అడిగినప్పుడు, తాతయ్య సీతారామయ్య గుండె పట్టుకుని కూలబడినప్పుడు, నాకు గొంతు పూడుకుపోయింది. సరిగ్గా అప్పుడే గుంట దగ్గర కాపలా పిల్లోడు ఫోను చేశాడు. ఇప్పుడు టైగర్ లేదు, వెనామీ వేస్తున్నాం, కౌలుకు. “అన్నా, కరెంటు పొయ్యింది. ఏరియేటర్లు ఆగినాయి, జనరేటర్ వేసేదా?” అన్నాడు. “ఉండ్రా, ప్రకటనలు రానీ” అన్నాను. అవతల లక్షల సరుకు ఊపిరాడక పైకి తేలబోతుంటే, ఇవతల నేను జన్మలో చూడని ఒక నగల వ్యాపారి ఊపిరి కోసం దేవుణ్ణి మొక్కుతున్నాను. పిల్లోడు తెలివైనవాడు, నన్ను అడిగే ముందే జనరేటర్ వేశాడు.

“పంచుకుంటే ఏం బాగుపడతారయ్యా, పెద్దాయన పాణం పోగొడతా ఉండారు!” అని నేను పైకే అనేశాను. మా ఆవిడ నా వైపు చూడలేదు. గోడ వైపు చూసింది. గోడవతల నుంచి, రెండు సెకన్ల ముందే, మా తమ్ముడి గొంతు దాదాపు అదే మాట అని ఉంది. దానికి ఎవరూ ఏమీ అనలేదు. ఇద్దరి ఇళ్ళల్లోనూ సబ్బు ప్రకటన వచ్చింది.

తర్వాత్తర్వాత ఆ తాతయ్య ఎవరికో వంద కోట్లకు షూరిటీ పెట్టాడని బయటపడింది. ఆ మాట వినపడగానే మా అమ్మ ముక్కు మీద వేలేసుకుని, “మగోళ్ళంతా ఇంతే, సంతకం అడిగితే చాలు” అంది. దుగ్గిరాలవారి గురించి అందో, మా నాయన గురించి అందో నేను అడగలేదు. ఆ ఇంట్లో కావ్య ఆ అప్పును గుట్టుగా నెత్తినేసుకుని ఇల్లు కాపాడింది. మా ఇంట్లో అప్పు సంగతి నలుగురికీ ముందు తెలిసింది, మాకే ఆఖరున తెలిసింది.

ఇక ఆడపడుచు. దుగ్గిరాలవారింటి ఆడపడుచు రుద్రాణి. ఆస్తి కోసం ఆమె పన్నని కుట్ర లేదు, మేము తిట్టని తిట్టు లేదు. మా చెల్లెలు కావలిలో ఉంటుంది. ఫోను చేసినప్పుడల్లా సగం సేపు రుద్రాణిని తిట్టడానికే సరిపోతుంది. “పుట్టినింటికి చేటు తెచ్చే ఆడది యాడన్నా బాగుపడిందా అన్నా?” అంటుంది. నేను “ఊ” అంటాను. గట్టిగా అనలేను. ఎందుకంటే 1986లోనే ఎన్టీ రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని మన రాష్ట్రం వరకు సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా పెట్టింది. దేశమంతటికీ అది రావడానికి 2005 దాకా పట్టింది. మా చెల్లెలి పెళ్ళి ఆ చట్టం వచ్చినాకే జరిగింది. పంపకాలప్పుడు నేనూ మా తమ్ముడూ ఒక్క విషయంలోనే ఒక్క మాట మీద నిలబడ్డాం. చెల్లెలికి వెంకటగిరి జరీ చీర పెట్టి, పసుపు కుంకుమ ఇచ్చి, రిజిస్ట్రారాఫీసులో సంతకం చేయించుకున్నాం. ఉమ్మడిగా మేం చేసిన ఆఖరి పని అదే. వాటా అడిగిన ఆడది విలన్ అని సీరియలు ఏళ్ళ తరబడి మా తరఫున వాదిస్తుంటే, ఆ వాదన మా చెల్లెలికే అందరికన్నా బాగా నచ్చుతుంటే, నేను మధ్యలో ఎందుకు దూరాలి?

వంతు సంగతికి వస్తాను. మా అమ్మ పంపకాల కాగితంలో లేదు. పెద్దమనుషులు నోటిమాటగా నెలకొకరి దగ్గర అన్నారు. జనవరి నాకు, ఫిబ్రవరి వాడికి, అట్లా. ఒకటో తేదీ పొద్దున అమ్మ తన గుడ్డసంచీ, ఆకూవక్క డబ్బీ, కళ్ళద్దాలూ తీసుకుని ఈ వాకిట్లోంచి దిగి ఆ వాకిలి ఎక్కుతుంది. రెండు ఇళ్ళలోనూ ఆమె మంచం గోడకు ఆనుకునే ఉంటుంది. గోడకు ఇటు పడుకున్నా అటు పడుకున్నా జానెడు తేడా. సీరియల్ మాత్రం తప్పిపోయేది కాదు గనుక ఆమెకు ఇల్లు మారినట్టే ఉండేది కాదు. నిన్న మా హాల్లో తలుపు వెనక వినడం మొదలుపెట్టిన కావ్య, ఇయ్యాళ వాళ్ళ హాల్లో వినడం ముగిస్తుంది.

నేను ఒకరోజు, దుగ్గిరాలవారింట్లో నాయనమ్మ ఇందిరాదేవి పుట్టెడు మంది మధ్య కూర్చుని ఉండగా కళ్ళు తుడుచుకుంటూనే, క్యాలెండరు వెనక్కి తిప్పి లెక్క వేశాను. బేసి నెలలు నావి. జనవరి, మార్చి, మే, జులై ముప్పై ఒకట్లు. సెప్టెంబరు, నవంబరు ముప్పైలు. మొత్తం 184. వాడికి 181. ఏడాదికి మూడు రోజుల అమ్మ నాకు ఎక్కువ పడుతోంది. లీపు సంవత్సరమైతే రెండు. ఈ సంగతి మా ఆవిడ చెవిన వేశాను, చిన్నగానే. కానీ గోడ నాలుగున్నర అంగుళాలదని చెప్పాను గదా, మంచం గోడకే ఉంటుందని కూడా చెప్పాను.

మర్నాడు అమ్మ ఆకుకు సున్నం రాస్తూ, “పెద్దోడా, ఆ మూడు దినాలూ నీకు బరువైతే నన్ను కావలి బస్సెక్కించు. ఆ బిడ్డకు ఎట్టా ఏమీ ఇయ్యలేదు, నన్నన్నా ఇయ్యండి” అంది.

మా చెల్లెలికి ఫోను చేశాను. “పంపించన్నా, మూడు దినాలేంది, ఎన్నాళ్ళైనా ఉండనీ” అంది. ఆమె గొంతులో సంతోషం విని నాకు అక్కడే కళ్ళు చెమర్చాయి, సీరియల్ లేకుండానే. అమ్మ అప్పటికే సంచీ సర్దేసింది. ఫోను ఆమెకిచ్చాను. ఇద్దరూ బియ్యం దగ్గర్నుంచి మోకాళ్ళ నొప్పులదాకా మాట్లాడుకున్నారు. చివర్లో చెల్లెలు, మనవడు పదో తరగతికి వచ్చాడని టీవీ తీసేశామనీ, అయినా బెంగ పడొద్దు, రోజూ ఫోన్లో పెట్టి చూపిస్తాననీ చెప్పింది.

అమ్మ కాసేపు ఆలోచించింది.

“అంతమంది ఫోన్లో యాడ పడతారే?” అని, ఫోను నా చేతిలో పెట్టి, సంచీని కాలితో మళ్ళీ మంచం కిందికి తోసేసింది.

ఆ నెల జులై. ముప్పై ఒకటి.